తప్పు చెప్పుకోవడానికీ ఒక వేదిక కావాలి

2018 జూన్. బెర్లిన్‌లో జేఎస్‌కాన్ఫ్ ఈయూ సదస్సు జరుగుతోంది. వెబ్‌సైట్లకు ప్రాణం పోసే జావాస్క్రిప్ట్ భాషలో పనిచేసే డెవలపర్లు ఏడాదికోసారి కలుసుకునే సభ అది. వేదిక ఎక్కిన ర్యాన్ డాల్‌కు ఆ సదస్సు కొత్త కాదు. 2009 నవంబరులో, ఆ సదస్సు మొదలైన తొలి ఏడాదే, తాను తయారుచేసిన నోడ్.జేఎస్‌ను ఆయన అక్కడ పరిచయం చేశారు. అప్పుడు సభికులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లలో నోడ్ ప్రపంచమంతటా అల్లుకుపోయింది. అంతటి మనిషి తిరిగి వచ్చి మైకు పట్టుకుంటే విజయగాథ వినిపిస్తారనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఆయన ప్రసంగం పేరు, నోడ్ విషయంలో తాను పశ్చాత్తాపపడుతున్న పది విషయాలు.

వెబ్ డెవలపర్ల సదస్సులు ఎందుకు అవసరమో చెప్పడానికి ఈ ఒక్క ప్రసంగం చాలు. కొత్త టూల్స్ గురించి తెలుసుకోవడానికి సదస్సుకే వెళ్లనక్కర్లేదు. వీడియోలు ఇంట్లో కూర్చుని చూడొచ్చు, వివరాలు చదువుకోవచ్చు. ఒక పనిని చేసినవారే నలుగురి ముందు నిలబడి "ఇక్కడ పొరబడ్డాను, ఇదీ కారణం" అని చెప్పే అవకాశం మాత్రం చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది. వార్షిక సదస్సు అలాంటి చోటు కావాలి. మన దేశంలో జరిగే చాలా సాంకేతిక సభలు ఈ పని చేయడం లేదు.

టిఫిన్ సెంటర్ లెక్క

డాల్ ఏ పొరపాట్ల గురించి మాట్లాడారో తెలియాలంటే నోడ్ చేసే పని కొంచెం అర్థం కావాలి. ఒక టిఫిన్ సెంటర్‌ను ఊహించుకోండి. కౌంటర్ దగ్గరి మనిషి ఒక దోసె ఆర్డరు తీసుకుని, అది పెనం మీద కాలి వచ్చేదాకా పొయ్యి దగ్గరే నిలబడితే వెనక వరుస పెరిగిపోతుంది. ప్రతి ఆర్డరుకూ ఒక మనిషిని పెడితే జీతాలు తడిసి మోపెడవుతాయి. తెలివైన యజమాని ఏం చేస్తాడు? కౌంటర్‌లో ఒక్కరినే పెడతాడు. ఆ ఒక్కరే ఆర్డరు రాసుకుని, చీటీ వంటింట్లోకి పంపి, వెంటనే తర్వాతి మనిషిని పలకరిస్తారు. దోసె తయారయ్యాక పిలుపు వస్తుంది, అప్పుడు అందిస్తారు.

నోడ్ సర్వర్ నడిచేది ఈ పద్ధతిలోనే. డిస్క్ నుంచో డేటాబేస్ నుంచో జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడదు, ఈలోగా వేరే పని చూసుకుంటుంది. ఒకేసారి వేలమంది తలుపు తట్టినా తట్టుకోవడానికి ఇది బాగా పనికొచ్చింది.

మరి పశ్చాత్తాపం దేనికి? "దోసె తయారైతే పిలుస్తాం" అనే ఆ కబురును ఎలా రాయాలన్నది ఒక విషయం. దానికి ప్రామిస్ అనే చక్కటి పద్ధతిని 2009 జూన్‌లో నోడ్‌లో చేర్చి, 2010 ఫిబ్రవరిలో తీసేశారు. దాన్ని అలాగే ఉంచి ఉంటే ఆ తర్వాతి ఏళ్లలో డెవలపర్లకు చాలా తలనొప్పి తప్పేదని డాల్ అభిప్రాయం. రెండోది భద్రత. నోడ్‌లో నడిచే ఏ ప్రోగ్రామైనా కంప్యూటర్లోని ఫైళ్లనూ నెట్‌వర్క్‌నూ అడగకుండానే వాడుకోగలదు. కోడ్‌లో అచ్చుతప్పులు వెతికే చిన్న పరికరానికి ఇంటి తాళాలన్నీ ఇవ్వడం దేనికన్నది ఆయన ప్రశ్న. మూడోది, ఇతరులు రాసిన కోడ్ ముక్కలన్నీ ఒకే ప్రైవేటు గోదాము నుంచి తెచ్చుకునే ఏర్పాటు.

ఈ మూడో పొరపాటు ఫలితం అప్పటికే ప్రపంచం చూసింది. 2016 మార్చిలో ఒక డెవలపర్ లెఫ్ట్-ప్యాడ్ అనే తన కోడ్ ముక్కను ఆ గోదాము నుంచి తొలగించారు. అందులో ఉన్నది 11 వరుసలే. ఒక పదానికి ఎడమవైపు ఖాళీలు చేర్చడమే దాని పని. అయినా దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టులు కొన్ని గంటలపాటు ఆగిపోయాయి. ఇల్లంతా కట్టాక పునాదిలో ఎవరో ఒక ఇటుక లాగేసినట్టయింది.

భౌతిక శాస్త్రంలో ఇది పాత అలవాటే

2011 సెప్టెంబరులో సెర్న్‌లో జరిగిన ఒక ప్రసంగం చాలామందికి గుర్తుండే ఉంటుంది. సెర్న్ నుంచి దాదాపు 730 కిలోమీటర్ల దూరంలోని ఇటలీ గ్రాన్ సాసో ప్రయోగశాలకు పంపిన న్యూట్రినోలు కాంతి కంటే సుమారు 60 నానోసెకన్లు ముందే చేరినట్టు కనిపిస్తోందని ఒపేరా బృందం ప్రకటించింది. తప్పు ఎక్కడుందో తమకు దొరకడం లేదని, మిగతావారూ పరీక్షించాలని కోరింది. కొన్ని నెలల తర్వాత ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్ సరిగా బిగించలేదని తేలింది. 2012 జూన్‌లో జపాన్‌లోని క్యోటోలో జరిగిన న్యూట్రినో సదస్సులో, అవి కాంతి వేగాన్ని దాటడం లేదని శాస్త్రవేత్తలు స్పష్టం చేశారు. ఆ బృందం కొంత ఎగతాళిని ఎదుర్కొంది. కానీ కొలత, అనుమానం, తప్పు, దిద్దుబాటు అన్నీ బహిరంగంగానే జరిగాయి. విజ్ఞానం ముందుకు సాగేది ఈ దారిలోనే.

శాస్త్రవేత్తలకు పత్రికలున్నాయి, సమీక్షకులున్నారు, తప్పు తేలితే వ్యాసాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ఉంది. సాఫ్ట్‌వేర్ రాసేవారికి అంత స్థిరపడిన సంప్రదాయం లేదు. ఒక మనిషి ఒక రాత్రి తీసుకున్న నిర్ణయం పదేళ్లపాటు లక్షల కంప్యూటర్లలో నడుస్తుంది. ఎందుకు అలా నిర్ణయించారో అడిగేవారుండరు, రాసి పెట్టేవారూ అరుదు. అందుకే సదస్సు వేదిక కొంతవరకైనా పత్రిక చేసే పని చేయాల్సి వస్తుంది.

డాల్ ప్రసంగం పశ్చాత్తాపంతో ఆగలేదు. అదే వేదిక మీద డీనో అనే కొత్త ప్రయత్నాన్ని ఆయన చూపించారు. అందులో ప్రోగ్రాముకు అనుమతి ఇస్తేనే ఫైళ్లూ నెట్‌వర్కూ అందుతాయి. 2023లో నోడ్ 20వ వెర్షన్‌లోనూ అనుమతుల ఏర్పాటు ప్రయోగాత్మకంగా చేరింది. అదంతా ఆ ఒక్క ప్రసంగం ఫలితమని చెప్పలేం. కానీ సమస్యకు ఒక పేరు పెట్టి, అందరి ముందూ చర్చకు పెట్టడంలో దాని పాత్ర తక్కువేమీ కాదు.

పేరున్నవారికే చెల్లుతుందా?

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. డాల్ తప్పు ఒప్పుకుంటే లోకం మెచ్చుకుంటుంది. రెండేళ్ల అనుభవమున్న ఉద్యోగి అదే పని చేస్తే? పైఅధికారి ఏమంటారో, తర్వాతి ఇంటర్వ్యూలో ఏమడుగుతారో అనే భయం ఉంటుంది. కంపెనీ రహస్యాలు బయట పెట్టకూడదనే ఒప్పందాలూ ఉంటాయి.

ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ తెలియనితనాన్ని ఒప్పుకోవడానికి గొప్ప పేరు అక్కర్లేదని అదే బెర్లిన్ సదస్సు 2014లో చూపించింది. ఫిలిప్ రాబర్ట్స్ అనే డెవలపర్ ఈవెంట్ లూప్ గురించి మాట్లాడారు. టిఫిన్ సెంటర్ ఉదాహరణలో చీటీలు ఏ వరుసలో కదులుతాయో నిర్ణయించే భాగం అది. జీతం తీసుకుంటూ జావాస్క్రిప్ట్ రాస్తున్నా, అది లోపల ఎలా నడుస్తుందో తనకు తెలియదని గ్రహించానని ఆయన మొదట్లోనే చెప్పేశారు. తర్వాత తాను నేర్చుకున్నది బొమ్మలతో ఒక్కో మెట్టుగా వివరించారు. ఇప్పటికీ ఈవెంట్ లూప్ గురించి అడిగిన కొత్తవారికి చాలామంది చూపించేది ఆ వీడియోనే. అన్నీ తెలిసిన నిపుణుడు చెప్పి ఉంటే అది అంత స్పష్టంగా ఉండేదా అన్నది అనుమానమే. నిన్నటిదాకా తెలియనివారికే ఎదుటివారు ఎక్కడ తడబడతారో బాగా తెలుస్తుంది.

అసలు వెబ్ చరిత్రే ఒక తిరస్కారంతో మొదలైంది. 1991 డిసెంబరులో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో హైపర్‌టెక్స్ట్ సదస్సు జరిగింది. వరల్డ్ వైడ్ వెబ్ గురించి టిమ్ బెర్నర్స్-లీ పంపిన పత్రాన్ని అక్కడ ప్రసంగంగా అంగీకరించలేదు. దాంతో ఆయన, సహచరుడు రాబర్ట్ కైయో ఒక బల్ల దగ్గర నిలబడి వచ్చినవారికి వెబ్‌ను చూపించారు. 1994 మే నెలలో సెర్న్‌లో వెబ్ కోసమే తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆ పరంపరలోని సదస్సే 2011లో హైదరాబాద్‌కు వచ్చింది. 20 ఏళ్ల క్రితం ప్రసంగం దక్కని బెర్నర్స్-లీ అక్కడ కీలకోపన్యాసం చేశారు.

మన దగ్గర వేదిక ఎవరిది?

మన దేశంలోనూ డెవలపర్లు తమంతట తాము నడుపుకునే సదస్సులు ఉన్నాయి. పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులో మొదలై హైదరాబాద్ సహా పలు నగరాలు తిరిగింది. జావాస్క్రిప్ట్ కోసం జేఎస్‌ఫూ వచ్చింది. ఇవి మంచి దారి వేశాయి. కానీ ఇంజినీరింగ్ కాలేజీల టెక్ ఫెస్టులకూ, స్పాన్సర్ల బ్యానర్ల కింద జరిగే సభలకూ వెళ్తే కనిపించేది వేరు. ముఖ్య అతిథికి శాలువా, తన కంపెనీ ఎంత పెరిగిందో చెప్పే స్లైడ్లు, చివర్లో ఉద్యోగాల ప్రకటన. ప్రశ్నలకు సమయం ఉండదు. హాల్లో కూర్చున్న విద్యార్థి ఒక్కటే నేర్చుకుంటాడు: వేదిక గెలిచినవారిది, తనది కాదు.

నిజానికి ఆ విద్యార్థి దగ్గర బెర్లిన్‌లో ఎవరి దగ్గరా లేని అంశం ఉండొచ్చు. "విజ్ఞానం" అనే మాటే తీసుకుందాం. చదివేవారికి అందులో మూడు అక్షరాలు: వి, జ్ఞా, నం. జావాస్క్రిప్ట్‌ను పొడవు అడిగితే ఎనిమిది అంటుంది. హల్లులు, గుడి, దీర్ఘం, పొల్లు, సున్నా అన్నిటినీ యూనికోడ్ విడివిడి సంకేతాలుగా దాచడమే దీనికి కారణం. ఎవరైనా డెవలపర్ పదాన్ని నాలుగు దగ్గర కత్తిరిస్తే తెర మీద మిగిలేది "విజ్". ఇంగ్లిషు పేర్లతో మాత్రమే పరీక్షించిన ఫారంలో ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు.

ఇది చిన్న విషయమేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరిన సంకేతాల వరుస ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసింది. ఆపిల్ హడావిడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేయాల్సి వచ్చింది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో ఒత్తక్షరాన్ని రెండుగా విడగొట్టకుండా ఒకే అక్షరంగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 15.1 వెర్షన్‌తో, అంటే 2023లో గానీ రాలేదు. ఇలాంటి లోపాలను మొదట చూసేది తెలుగులో టైపు చేసేవారే. వాటి గురించి వేదిక మీద మాట్లాడాల్సిందీ వాళ్లే.

చేయగలిగినవి

ఖర్చు లేని మార్పులతోనే మొదలుపెట్టొచ్చు. ప్రతిపాదనలను వక్త పేరు, కంపెనీ, కాలేజీ కనబడకుండా పరిశీలించాలి. జేఎస్‌కాన్ఫ్ ఈయూ నిర్వాహకులు 2012లో ఈ పద్ధతి పాటించారు. దాంతోపాటు మహిళలను ముందే పలకరించి ప్రతిపాదనలు పంపమని కోరారు. ఆ ఏడాది వక్తల్లో 25 శాతం మహిళలు. పేర్లు దాచడం ఒక్కటే సరిపోదు, పంపడానికే జంకేవారిని పిలవాలి కూడా అన్నది అందులోని పాఠం.

రెండోది, ప్రతి సదస్సులో ఒక పూటైనా పనిచేయని వాటికి కేటాయించాలి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు: ఏం చేయబోయారు, ఏమైంది, ఎందుకైంది. కంపెనీ పేరు చెప్పనక్కర్లేదు, మనుషుల పేర్లు అసలే వద్దు. కారణం తెలిస్తే చాలు. మూడోది, తెలుగులో మాట్లాడనివ్వాలి. కోడ్ ఏ భాషలో రాసినా, దాని గురించిన తడబాటును సొంత భాషలో చెప్పుకోవడం తేలిక. నాలుగోది, కాలేజీలు శాలువాల ఖర్చులో కొంత తగ్గించి ఇద్దరు విద్యార్థులకు రైలు టికెట్లు కొనివ్వాలి. సదస్సులో అసలు చదువు చాలాసార్లు హాలు బయట, టీ కప్పులతో నిలబడి మాట్లాడుకునేటప్పుడే జరుగుతుంది. అది ఏ వీడియోలోనూ దొరకదు.

జేఎస్‌కాన్ఫ్ ఈయూ 2019 తర్వాత జరగలేదు. అక్కడ జరిగిన ప్రసంగాల్లో 2009 నాటిదీ 2018 నాటిదీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఒకే మనిషి తన పనిని తానే సమీక్షించుకోవడం కనిపిస్తుంది. వేదిక రెండుసార్లూ అదే. మొదటిసారి చప్పట్లు కొట్టిన సభే రెండోసారి ఆ తప్పుల జాబితానూ ఓపిగ్గా వింది. ఫారంలో తన పేరు సగానికి తెగిపోవడం చూసి, ఎందుకని వెతికి, కారణం కనిపెట్టిన విద్యార్థి ఈ రోజు మన ఏదో ఒక కాలేజీలో ఉండే ఉంటాడు. అతని దగ్గర ఒక మంచి ప్రసంగం సిద్ధంగా ఉంది. వచ్చి చెప్పమని అడిగేవారే కావాలి.