కొండ మీద గదికీ పట్టీ ఉండాలి

మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులిస్తారు. టిక్కీలనే మిర్చి బస్తాలు మోసే హమాలీకైనా, ఘాటుకు రోజంతా తుమ్మే గుమాస్తాకైనా, నాలాంటి కమీషన్ వ్యాపారికైనా ఏడాదిలో కాస్త ఊపిరి తిరిగేది అప్పుడే. సరుకు కోల్డ్ స్టోరేజీలోకి చేరుతుంది. కార్లున్నవాళ్లం కొండలకు చేరతాం. లంబసింగిలో మంచు చూడాలంటే డిసెంబరు, జనవరిల్లో వెళ్లాలంటారు. ఆ రోజుల్లో మాకు కొత్త కాయ మొదలవుతుంది, కొట్టు వదిలి కదలలేం. కాబట్టి మంచు లేకపోయినా మేలోనే బయల్దేరతాం. ఫ్యాను వేయకుండా నిద్రపడితే చాలు, ఖర్చు గిట్టినట్టే.

ఒకప్పుడు అరకు వెళ్తే పర్యాటక సంస్థ హరిత గదులో, దారిలో టైడా దగ్గర జంగిల్ బెల్స్ కాటేజీలో దిక్కు. ఇప్పుడు అనంతగిరి నుంచి లంబసింగి దాకా ఎక్కడ చూసినా బోర్డులే. చెక్క గది, నేల దాకా వాలిన కప్పు, ముందు చిన్న వరండా, రాత్రికి చలిమంట, బొంగు చికెన్. ముందుగా చెబితే థింసా నృత్యం కూడా ఏర్పాటు చేస్తారు. కుటుంబంతో వెళ్లి అలాంటి గదిలో దిగడం నాకూ ఇష్టమే. పిల్లలు ఫోన్లు పక్కన పడేసి చెట్లెక్కుతారు. మా ఆవిడకు రెండు పూటలు వంట తప్పుతుంది. ఆ గదులు ఉండకూడదని నేననను. ఆ అద్దెలో కొండ మీది కుటుంబానికి ఎంత పోతోందో డబ్బు కట్టే మనకు తెలియాలి అంటాను. నా వాదనంతా ఇదే.

కిందటి వేసవిలో చింతపల్లి వైపు ఒక కాటేజీలో దిగాం. మా అమ్మ గోంగూర పచ్చడి సీసాలు బయటికి తీస్తూ, సామాను మోసుకొచ్చిన కుర్రాణ్ణి, "పొలమెంత నాయనా మీకు?" అని అడిగింది. ఎవరు పరిచయమైనా ఆవిడ మొదట అడిగేది అదే.

"ఇదేనమ్మా" అన్నాడు, నిలబడ్డ నేల చూపించి.

"మరి ఈ గదులో?"

"సార్‌వి. కిందనుంచి వచ్చారు. కాయితం మా నాన్న పేరు మీదే ఉంది."

"పేరు సరే, కాయితం ఎవరి దగ్గరుంది?"

సారు దగ్గరే ఉందట. ఆ కుర్రాడికి ఇచ్చేది నెల జీతం. మేం ఆ గదికి ఒక్క రాత్రికి కట్టిన అద్దె అందులో దాదాపు సగం.

అరకు, అనంతగిరి, చింతపల్లి మండలాలు షెడ్యూల్డ్ ప్రాంతంలోవి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. అదే అందరూ 1/70 అని పిలిచే చట్టం. దీని ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరుడికి అమ్మడం కుదరదు, కౌలుకో లీజుకో ఇవ్వడమూ కుదరదు. గిరిజనులకు గానీ, అచ్చంగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ బదలాయించవచ్చు. అనంతగిరి మండలంలో, బొర్రా పరిసరాల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జులైలో ఇంకో మాట చెప్పింది. ఆ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడానికి వీల్లేదంది. అంటే ఆ కుర్రాడి తండ్రి పేరును చట్టాన్ని దాటడానికి నిచ్చెనగా వాడుకున్నారన్నమాట.

ఇది మా ప్రాంతంవాళ్లకు తెలియని సంగతేం కాదు. పొగాకు, మిర్చి, పత్తి వేయడానికి కోస్తా జిల్లాల నుంచి భద్రాచలం ఏజెన్సీకి తరలివెళ్లిన రైతుల్లో గుంటూరు వాళ్లూ ఉన్నారు. 1/70 పేరెత్తితే మా చుట్టాల్లో ఇప్పటికీ రెండు పక్షాలు తయారవుతాయి.

దళారి అన్న తిట్టు నాకు అలవాటే. యార్డులో ఆ తిట్టు తినేది మేమే. కానీ మా దగ్గర కాటా రైతు కళ్ల ముందే పడుతుంది. ఏ రకం, ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, ఏ ధర, కూలి ఎంత, నా కమీషన్ ఎంత, చేతికొచ్చేది ఎంత, అంతా పట్టీ మీద రాసి రైతుకిస్తాం. లెక్క నచ్చకపోతే ఆ పట్టీ పట్టుకునే నన్ను నిలదీస్తాడు. కొండ మీద గది అద్దెకు అలాంటి పట్టీ లేదు. భూమి ఇచ్చినవాడికి తన వాటా ఎంతో తెలియదు, డబ్బు కట్టినవాడికి భూమి ఎవరిదో తెలియదు. మధ్యలో ఉన్నవాడికి రెండూ తెలుసు.

2025 ఫిబ్రవరిలో మా యార్డులో ధర పడిపోయి రైతులు గగ్గోలు పెట్టారు. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టింది. సరిగ్గా అదే నెలలో మన్యంలో బంద్ జరిగింది. పర్యాటకం పెరగాలంటే 1/70ని సవరించాలన్న మాట ఒక ప్రభుత్వ వేదిక మీద వినబడినందుకు అది. చట్టం జోలికి పోబోమని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. ఒక పంట ధర పోతే రైతు వచ్చే ఏడాది రకం మార్చి చూస్తాడు. కొండ మీద భూమి పోయినవాడికి వచ్చే ఏడాదంటూ లేదు.

"బయటి పెట్టుబడి రాకపోతే అక్కడ గదులెవరు కడతారండీ?" అని మా కొట్టు దగ్గరే ఒక మిత్రుడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. హిమాచల్ ప్రదేశ్‌లో 1972 నాటి చట్టంలోని 118వ సెక్షన్ ప్రకారం, అక్కడి రైతు కానివాడు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేడు. అయినా వేసవి వస్తే సిమ్లా, మనాలి జనంతో నిండిపోతూనే ఉంటాయి. 2008లో అక్కడ హోమ్‌స్టే పథకం తెచ్చి, సొంత ఇంట్లో గదులు అద్దెకిచ్చుకునే దారి చూపారు.

అంతదూరం ఎందుకు, అరకు కాఫీనే చూడండి. సిల్వర్ ఓక్ నీడలో ఆ తోటలు పెంచింది చిన్న చిన్న కమతాల గిరిజన రైతులు. 2017లో ఆ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుకు సముద్రాలు దాటిపోయినా భూమి మాత్రం పండించినవాడి దగ్గరే ఉంది. గింజ విషయంలో కుదిరింది గది విషయంలో ఎందుకు కుదరదు?

ఇక అడవి బసల సంగతికొస్తే, ప్రకాశం జిల్లా వాళ్లకు దగ్గరిది నల్లమల. దోర్నాల దాటితే చెంచు గూడేలు కనిపిస్తాయి. ఆత్మకూరు పక్కన బైర్లూటిలో అటవీ శాఖ నడిపే బసలో చెంచులు పనిచేస్తారు. అక్కడ గది సాదాగా ఉంటుంది, అడిగిందల్లా దొరకదు. అయితే ఆ డబ్బులో కొంత ఆ అడవివాళ్లకే చేరుతుంది. సౌకర్యం కొంచెం తగ్గినా నాకది సమ్మతమే.

ప్రభుత్వం చేయాల్సినవి మూడున్నాయి. పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ద్వారా గిరిజన కుటుంబాలకు ఒకటి రెండు గదులు వేసుకోవడానికి అప్పు, మరుగుదొడ్డికి సాయం, ఆన్‌లైన్ బుకింగ్ నేర్పే మనిషి కావాలి. పెద్ద కాటేజీలు తప్పవనుకుంటే చట్టం ఒప్పుకున్న గిరిజన సహకార సంఘాల పేరుతో కట్టించాలి. కాఫీ, పసుపు కొనే గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. గదుల బుకింగ్ కూడా చూడగలదు. మూడోది, ప్రతి బస ముందు భూమి ఎవరిదో, నడిపేది ఎవరో, ఊరికి దక్కే వాటా ఎంతో బోర్డు మీద రాయించాలి. బినామీ అయితే ఆ బోర్డు దగ్గరే బయటపడుతుంది.

మనం చేయాల్సింది అంతకంటే సులువు. వేడినీళ్లు ఉన్నాయా, కారు పెట్టుకునే చోటుందా అని ఫోన్లో పదిసార్లు అడుగుతాం కదా. అడ్వాన్సు పంపే ముందు అదే ఫోన్లో భూమి ఎవరిదని, అద్దెలో వాళ్ల వాటా ఎంతని కూడా అడుగుదాం. మిర్చి ధరలో రూపాయి తేడా వస్తే యార్డు గేటు మూయించే జిల్లాల వాళ్లం. ఇంకొకరి నేల మీద దిగేటప్పుడు ఈ రెండు ప్రశ్నలు అడగడానికి మనకు మొహమాటం ఎందుకు? జవాబు సరిగా చెప్పనివాడికి అడ్వాన్సు పంపకండి.