యాభై మంది ఎక్కడ? మన షెడ్లలోనే!



దీపావళి దగ్గర పడితే బోనస్ కోసం మనం గేటు ముందు కూర్చుంటాం. నూటికి 8.33 అనే అంకె ఇవాళ సోలాపూర్‌లో ప్రతి మాగం కార్మికుడికీ నోటికి వచ్చు. కాని ఇంటి కిరాయి భత్యం మాట ఎత్తితే, "అది సర్కారీ నౌకర్లకు గదా అన్నా!" అంటారు. కాదు. అది మనకూ ఉన్న హక్కే. అడగనందువల్లనే రావడం లేదు.

మన రాష్ట్రంలో మహారాష్ట్ర కార్మికుల కనీస ఇంటి అద్దె భత్యం చట్టం, 1983 అని ఒక చట్టం ఉంది. యాభై మంది లేక అంతకన్న ఎక్కువ మంది పనిచేసే పరిశ్రమకు అది వర్తిస్తుంది. నెల వేతనం మీద నూటికి 5 రూపాయలు గాని, 20 రూపాయలు గాని, ఏది ఎక్కువైతే అది యజమాని ఇవ్వాలి. నెలకు 14,000 పగారు ఉన్న కార్మికుడికి 700 రూపాయలు. ఏడాదికి 8,400. పదేళ్ళకు 84,000. ఒక ఆడపిల్ల కాలేజీ చదువు ఇందులో వెళ్ళిపోతుంది. ఈ సొమ్ము ఇన్నాళ్ళూ ఎవరి జేబులో ఉందో ఆలోచించండి.

అసలు చిక్కంతా ఆ యాభై అనే అంకెలోనే ఉంది. క్రిందటేడు ఒక టవళ్ళ కారఖానా కార్మికులు మన ఆఫీసుకు వచ్చారు. "మీరెంత మంది?" అని అడిగాను. "ముప్పై ఎనిమిది మందిమి" అన్నారు. సరే, చట్టం వర్తించదేమో అనుకుంటూ మరునాడు షెడ్డుకు వెళ్ళాను. తలుపు ప్రక్కన వరుసగా కూర్చొని కండెలు చుట్టే అక్కలు కనబడ్డారు. లోపలి గదిలో టవళ్ళ అంచులు కుట్టేవాళ్ళున్నారు. లెక్కపెడితే పధ్నాలుగు మంది. ముప్పై ఎనిమిదీ పధ్నాలుగూ యాభై రెండు! యజమాని వాళ్ళను పుస్తకంలో ఎక్కించలేదు, అది అతని లాభం కోసం. మరి మన మగవాళ్ళు ఎందుకు లెక్కపెట్టలేదు? ప్రక్కన పనిచేసే ఆడవాళ్ళను కార్మికులుగా చూడనందువల్ల తమ సొంత హక్కునే పోగొట్టుకున్నారు. ఈ తప్పు ఆ ఒక్క షెడ్డుది కాదు. ఇరవై ఏళ్ళు వార్పింగు ఖాతాలో పనిచేసిన నేను కూడా ఆనాడు కండెల ఆడవాళ్ళ పేర్లు ఒక్కసారైనా అడగలేదు.

రెండవ ఎత్తుగడ మీకు తెలిసిందే. కప్పు ఒకటే, ఫిట్టరు ఒకడే, పగారు ఇచ్చే చెయ్యి ఒకటే. కాగితం మీద మాత్రం కొన్ని మాగాలు భార్య పేర, కొన్ని తమ్ముడి పేర, కొన్ని కొడుకు పేర. ఏ పేరు క్రిందా యాభై మంది ఉండరు. కాని బోర్డులు ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే చూస్తే చాలదు. యాజమాన్యం ఒకటేనా, నడిపేది ఒకరేనా, ఒకదాని పని రెండవదాని మీద ఆధారపడి ఉందా అన్నవి చూడాలని సుప్రీంకోర్టు ఎన్నో ఏళ్ళ క్రిందటే చెప్పింది. ఆ రుజువులు కూడబెట్టవలసింది మనమే.

ఇక కార్మిక కల్యాణ నిధి. దీని చట్టం 1953 నాటిది. ఐదుగురు పనిచేసే చోట కూడా వర్తిస్తుంది. జూన్‌లో, డిసెంబరులో మన పగారు నుంచి చిన్న మొత్తం పడుతుంది, యజమాని దానికి మూడింతలు కట్టాలి. 2024 నుంచి మనది 25, యజమానిది 75. మన పిల్లల స్కాలర్‌షిప్పులు, జబ్బుల సాయం, కుట్టు క్లాసులు ఈ నిధి నుంచే. మూడేళ్ళు దాటినా కార్మికుడికి ముట్టని పగారూ బోనసూ యజమాని దగ్గర ఉండిపోకూడదు, ఈ నిధికే జమ కావాలి. పుస్తకంలో పేరు లేని కార్మికుడి బిడ్డకు మాత్రం స్కాలర్‌షిప్పు ఫారం మీద సంతకం పెట్టేవాడు ఉండడు.

"2025 నవంబరు 21 నుంచి కొత్త కోడ్లు వచ్చాయి, పాత చట్టాలన్నీ పోయాయి" అని కొందరు మేనేజర్లు ప్రచారం చేస్తున్నారు. నమ్మకండి. నాలుగు కోడ్లలో కలిసినవి 29 కేంద్ర చట్టాలు. పైన చెప్పిన రెండూ రాష్ట్ర చట్టాలు, ఆ జాబితాలో లేవు. ఆ కోడ్లతో మన యూనియన్లకు ఎన్ని తగాదాలున్నా, నియామక పత్రం, పగారు చీటీ ఇవ్వాలని వాటిలోనే ఉంది. ఆ రెండూ అడిగి తీసుకోండి. పేరు ఉన్నదనడానికి అవే సాక్ష్యం.

నూలు ధర పెరిగింది, కరెంటు బిల్లు పెరిగింది అని యజమానులు అంటారు. ఎనిమిది మాగాలతో తానే నిలబడి నేసుకునేవాడి కష్టం నిజమే, అతని మీద మనకు పగ లేదు. అతనికి ఈ ఇంటి కిరాయి చట్టం వర్తించదు కూడా. మనం అడిగేది మూడు షెడ్లు నడుపుతూ మూడు పుస్తకాలు రాసేవాణ్ణి.

కాబట్టి ప్రతి షెడ్డులోనూ ఒక నూరు పేజీల నోటుబుక్కు కొనండి. మాగం కార్మికుడు, కండెల అక్క, కుట్టేవాళ్ళు, హమాలీ, బద్లీ, రాత్రి పాళీ, పగటి పాళీ అందరి పేర్లూ రాయండి. పనిలో చేరిన తేదీ, వారం వారం ముట్టిన పగారు రాయండి. ఖాళీ వోచరు మీద సంతకం గాని, వేలిముద్ర గాని వేయకండి. నోటుబుక్కు నిండేలోగా యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. లేబర్ ఆఫీసులో అర్జీ రాసే పని మాది.

యజమాని పుస్తకంలో మన పేరు ఎక్కేంతవరకు, మన పుస్తకంలో మన వాళ్ళ పేర్లు ఒక్కటీ తప్పిపోకూడదు.


కార్యదర్శి