పల్నాడులో అటవీ శాస్త్ర కళాశాల నెలకొల్పాలని కోరుతూ తీర్మానం

నరసరావుపేటలో సమావేశమైన ఈ సభలో రైతులు, డిగ్రీ కళాశాలల అధ్యాపకులు, విద్యార్థులు, వన సంరక్షణ సమితుల సభ్యులు, మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు చెంచు గూడేల నుంచీ సుగాలి తండాల నుంచీ వచ్చిన పెద్దలు పాల్గొన్నారు. వన పెంపక శాస్త్రాన్నీ, అడవుల సుస్థిర నిర్వహణనూ పల్నాడు జిల్లాలోనే కళాశాల స్థాయిలో బోధించాలన్న అంశాన్ని సభ చర్చించి, కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక, తరతరాలుగా పశువులు మేసిన కొండలు రిజర్వు అడవులయ్యాయి. మేతకు పుల్లరి కట్టాలి. కట్టనివాడి గొడ్లు బందెలదొడ్డికి పోవాలి. 1921లో పల్నాటి రైతులు పుల్లరి కట్టబోమన్నారు. అటవీ సిబ్బందికి ఊళ్లలో ఉప్పూ పప్పూ పుట్టకుండా సాంఘిక బహిష్కారం సాగించారు. పరిస్థితిని విచారించడానికి వచ్చిన నాయకులు ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారి గార్లను ప్రభుత్వం అరెస్టు చేసింది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు గారు పోలీసు తూటాలకు నేలకొరిగారు. వారి త్యాగానికి ఈ సభ శిరసు వంచి నమస్కరిస్తోంది.

ఆ పోరాటం అడవిని వాడుకునే హక్కు కోసం జరిగింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ హక్కులో కొంత భాగాన్ని గుర్తించింది. సామూహిక అటవీ వనరులను కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు కూడా గ్రామసభకు ఉందని చెప్పింది. కానీ పునరుద్ధరణ ఎలా జరుగుతుందో, ఏ చెట్టును ఎప్పుడు కోయాలో, ఎప్పుడు చెయ్యి వేయకూడదో చెప్పే విద్య మాత్రం మన ఊళ్లకు రాలేదు. అది అటవీ శాఖ వర్కింగ్ ప్లాను పుస్తకాల్లో, అదీ ఇంగ్లీషులో, కార్యాలయాల బీరువాల్లో ఉండిపోయింది. 1992లో ఉమ్మడి రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు మొదలైనప్పుడు మనవాళ్లు కాపలా కాశారు, గుంతలు తవ్వారు, మొక్కలు నాటారు. ప్రణాళిక వేసే పని మాత్రం వాళ్ల చేతికి రాలేదు. హక్కు దక్కి, దాన్ని నిర్వహించే చదువు దక్కకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుందని ఈ సభ అభిప్రాయపడుతోంది.

మన అడవి ఎలాంటిదో ఇక్కడ కొంత వివరంగా చెప్పాలి. దాని స్వభావం తెలియకుండా ఎక్కడో తయారైన పాఠ్యప్రణాళికను ఇక్కడ అతికించడం జరగకూడదని సభ కోరిక. నల్లమల తూర్పు అంచున, కృష్ణ దక్షిణపు ఒడ్డున ఉన్న పల్నాటి అడవి ఎండు ఆకురాల్చే అడవి. రాతి నేలల్లో అది ముళ్లపొదల అడవిగా మారుతుంది. ఇక్కడ ప్రధానమైనవి చిరుమాను, నారేపి, నల్లమద్ది, బిల్లుడు, సండ్ర, తునికి, తపసి, అందుగ. వీటిలో ఒక్కొక్కటీ ఒక్కొక్క సమస్య. చిరుమాను విరగకాస్తుంది గానీ దాని విత్తనంలో మొలకెత్తేది బహు తక్కువ. నారేపికి మంచి విత్తనం ఏటా పడదు, కొన్నేళ్లకోసారి పడుతుంది. ఆ ఏడు మేతనూ మంటనూ ఆపగలిగితే కొత్త తరం లేస్తుంది, ఆపలేకపోతే మళ్లీ కొన్నేళ్లు ఎదురుచూపే. వేపగింజ రాలిన కొద్ది వారాల్లోనే చేవ చచ్చిపోతుంది, నర్సరీలో దాచి తర్వాత విత్తుదామంటే కుదరదు. తుమ్మ, సుబాబుల్ గింజలకు వేడినీళ్ల శుద్ధి కావాలి. తపసి బంకకు చెట్టును ఎక్కువ లోతుగా గాటు పెడితే బంక రెండేళ్లు వస్తుంది, ఆ తర్వాత చెట్టే ఉండదు. నరికిన మోడు నుంచి పిలకలు లేచే చెట్లేవి, లేవనివేవి, లేచిన పిలకల్లో ఎన్నింటిని ఉంచి ఎన్నింటిని తీసేయాలి, కూపు కోశాక దాన్ని ఎన్నేళ్లు మూసి ఉంచాలి, ఏ కొండవాలులో కందకం తవ్వితే వాన నీరు నిలుస్తుంది, మాఘ ఫాల్గుణాల్లో ఏ గట్టు మీద గడ్డి తీసేసి అగ్నిరేఖ గీస్తే మంట అవతలికి దాటదు — వన పెంపక శాస్త్రమంటే ఇవన్నీ. చెట్టు నాటి ఫోటో దిగడానికీ దీనికీ చాలా దూరం ఉంది.

ఈ విషయాల్లో కొంత మన చెంచు పెద్దలకు తెలుసు, కొంత మేకల కాపరులకు తెలుసు, కొంత మన బీటు అధికారులకు అనుభవంలో తెలుసు. కానీ వాటిని శాస్త్రంగా కూర్చి, కొలిచి, పరీక్షించి, తర్వాతి తరానికి అందించే చోటు ఈ జిల్లాలో లేదు.

భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ప్రకారం అటవీ విస్తీర్ణం పెరుగుదలలో దేశం మొత్తం మీద ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. రెండేళ్లలో 647 చదరపు కిలోమీటర్లు పెరిగినట్లు అది చెప్పింది. సంతోషమే. అయితే ఆ లెక్కలో హెక్టారు, అంతకు పైబడిన విస్తీర్ణంలో కనీసం పది శాతం చెట్ల నీడ ఉన్న ప్రతి చోటూ, అది ఎవరి భూమి అయినా, ఏ చెట్టు అయినా, అడవి కిందికే వస్తుంది. ఉపగ్రహానికి జామాయిల్ తోటా, సర్కారు తుమ్మ కంపా, నారేపి గుంపూ పచ్చగానే కనిపిస్తాయి. వాటి తేడాను నేల మీద నిలబడి చెప్పగలిగేవాళ్లు కావాలి. మొలకలు లేకుండా ముసలి చెట్లు మాత్రమే మిగిలిన అడవి పచ్చగా ఉన్నా ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. ఈ మాట చెప్పడానికి చదువుకున్న కన్ను కావాలి.

రైతుల పక్షాన సభ మరొక విషయం నమోదు చేస్తోంది. వినుకొండ, నరసరావుపేట పరిసరాల్లో మెట్ట రైతులు సుబాబుల్, జామాయిల్ వేశారు. కాగితం మిల్లుల ధర పడిపోయిన ఏడు వాళ్లు నష్టపోయారు. ఏ నేలకు ఏ జాతి సరిపోతుంది, రెండో కోత, మూడో కోతకల్లా దిగుబడి ఎందుకు తగ్గుతుంది, కంది, ఆముదంలాంటి పంటల మధ్య వేప, మలబారు వేప, వెదురు ఎలా పెంచాలి, కలప ఘనపరిమాణం కొలిచి బేరం ఎలా ఆడాలి — ఇవి చెప్పే సలహాదారు మెట్ట రైతుకు అందుబాటులో ఉండడు. వరికి, మిరపకు, పత్తికి శాస్త్రవేత్తలు ఉన్నారు, చెట్టుకు లేరు.

పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల ప్రాంతాల సున్నపురాయి గనులు మరో సంగతి గుర్తు చేస్తాయి. అడవిని ఎంత పెరిగితే అంతే కోయాలన్న సూత్రాన్ని మొదట గ్రంథస్థం చేసినవారిలో ఒకరైన హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్, జర్మనీలోని సాక్సనీలో వెండి గనుల పాలనాధికారి. గనులకూ కొలుములకూ కలప కరువై, చుట్టుపక్కల కొండలు బోడులైతే, 1713లో ఆయన ఆ పుస్తకం రాశాడు. గనులున్న చోటే అడవి విద్య పుట్టింది. మన గనుల ప్రాంతంలో తవ్వి వదిలేసిన గుంతల అంచున, పైమట్టి లేని సున్నపు నేలలో ఏ చెట్టు నిలబడుతుందో పరిశోధించే పని ఇంకా మన ముందుంది. అటవీ భూమిని ఇతర పనులకు మళ్లించినప్పుడు ప్రత్యామ్నాయంగా అడవి పెంచాలని 2016లో ప్రత్యేక నిధి చట్టమే వచ్చింది. ఆ డబ్బుతో నాటిన మొక్క ఐదేళ్ల తర్వాత బతికి ఉందా అని ఆ ఊరి చదువుకున్న పిల్లలే వెళ్లి లెక్కపెట్టగలగాలి.

దేశంలో ఈ చదువు కొత్తది కాదు. డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల 1878లో మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీకి 1912 నాటికే కోయంబత్తూరులో అటవీ కళాశాల ఉంది. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ చేసిన సిఫార్సుల తర్వాత, 1980లలో పలు వ్యవసాయ విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల అటవీ శాస్త్ర డిగ్రీ ప్రారంభించాయి. తమిళనాడులో మేట్టుపాళయం, కర్ణాటకలో శిరసి కళాశాలలు అలా వచ్చినవే. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన రెండేళ్లకే, 2016లో, సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల, పరిశోధన సంస్థను స్థాపించింది. దేశంలోనే అతి పెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మాచర్ల గుమ్మం దాకా వచ్చి ఉంది. ఇంత అడవి పక్కన పెరిగిన మన పిల్లలు అడవి చదువు కోసం వందల కిలోమీటర్లు వెళ్లవలసి వస్తోంది. ఆడపిల్లల్నీ, తండాల పిల్లల్నీ అంత దూరం పంపడానికి తల్లిదండ్రులు వెనకాడుతున్నారని సభలో పలువురు చెప్పారు.

అందువల్ల ఈ సభ తీర్మానించడమేమనగా:

ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నాలుగేళ్ల బి.ఎస్సీ. అటవీ శాస్త్ర కళాశాలను మాచర్ల లేదా గురజాల ప్రాంతంలో నెలకొల్పాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతోంది. నగరానికి దగ్గరగా, అడవికి దూరంగా పెడితే ఈ కళాశాల ప్రయోజనం సగం పోతుంది. నర్సరీ, విత్తన పరీక్షాశాల, మట్టి పరీక్షాశాలతో పాటు, దశాబ్దాల తరబడి ఒకే చోట చెట్ల పెరుగుదలను కొలిచే శాశ్వత నమూనా స్థలాలు మొదటి ఏడాది నుంచే ఉండాలి. అడవి విషయంలో మూడేళ్ల ప్రాజెక్టుతో తేలేది చాలా తక్కువ. ఇవాళ నాటిన నారేపి ఫలితం చూసేది ఇవాళ్టి విద్యార్థుల పిల్లలు. కాబట్టి అధికారులు మారినా ఆగని కొలతల పుస్తకం ఆ కళాశాల ఆస్తి కావాలి.

పులుల అభయారణ్యం కోర్ ప్రాంతంలో కోత పాఠాలు ఉండరాదని సభ స్పష్టం చేస్తోంది. అక్కడ విద్యార్థి నేర్చుకోవలసింది చేయి వేయకుండా గమనించడం. కోత, పలచన, పిలకల నిర్వహణ వంటి అభ్యాసాలకు అభయారణ్యం వెలుపలి అడవులు, అటవీ అభివృద్ధి సంస్థ తోటలు, రైతుల పొలాలు చాలు.

కళాశాల వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు సామాజిక సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ ఇప్పటికే ఉన్నాయి. మాచర్ల, వినుకొండ, గురజాల, నరసరావుపేట కళాశాలల వృక్షశాస్త్ర విద్యార్థులకు అటవీ రేంజిల్లో, నర్సరీల్లో ఆ అవకాశం కల్పించాలని అటవీ శాఖను కోరుతోంది. అటవీ శాస్త్రాన్ని మైనర్ సబ్జెక్టుగా ప్రవేశపెట్టాలని ఉన్నత విద్యా మండలిని కోరుతోంది. రాజమహేంద్రవరంలోని రాష్ట్ర అటవీ అకాడమీ అధ్యాపకులు ఏటా కొన్ని వారాలు ఇక్కడ పాఠాలు చెప్పేలా ఏర్పాటు జరగాలి.

చెంచు, సుగాలి పిల్లలకు ఈ కోర్సులో తగిన సీట్లు, ఉచిత వసతి ఉండాలి. అడవిలో చెట్టునూ జంతువు జాడనూ గుర్తుపట్టడం నేర్పే చెంచు పెద్దలను క్షేత్ర బోధకులుగా నియమించి, మిగతా బోధకులతో పాటు గౌరవ వేతనం ఇవ్వాలి. వాళ్లను సహాయకులనో గైడులనో పిలవకూడదు.

పాఠ్యపుస్తకాలు తెలుగులో కూడా రావాలి. రైతుకూ, వన సంరక్షణ సమితి సభ్యుడికీ అర్థమయ్యే మాటలతో, పల్నాటి చెట్ల పేర్లు పల్నాటి వాడుకలోనే ఉంచి, తెలుగు–సంస్కృత అకాడమీ ఈ పుస్తకాలు ప్రచురించాలి. జిల్లా అడవుల వర్కింగ్ ప్లానును తెలుగులోకి తెచ్చి ప్రతి గ్రామసభకూ ఇవ్వాలని అటవీ శాఖను కోరుతోంది.

కళాశాలలో ఒక విభాగానికి కన్నెగంటి హనుమంతు గారి పేరు పెట్టాలన్న సూచన సభ ముందుకు వచ్చింది. సభ దానిని ఆమోదించింది.

ఈ తీర్మానం ప్రతులను ముఖ్యమంత్రికి, అటవీ, ఉన్నత విద్యా శాఖల మంత్రులకు, వ్యవసాయ విశ్వవిద్యాలయ ఉపకులపతికి, పల్నాడు జిల్లా కలెక్టరుకు, జిల్లా అటవీ అధికారికి, జిల్లా శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యునికి పంపాలని నిర్ణయించడమైనది. అడవి అంచున ఉన్న ప్రతి గ్రామం తన వచ్చే గ్రామసభలో ఈ తీర్మానాన్ని చదివి వినిపించి, మద్దతు తీర్మానం చేసి, ఈ చదువు చదవాలనుకునే తమ ఊరి ఇంటర్ విద్యార్థుల సంఖ్యను దానితో జతచేసి కలెక్టరుకు పంపాలని ఈ సభ విజ్ఞప్తి చేస్తోంది.