హెర్నియాకు యంత్రహస్తమా?

మన పట్టణములలోని పెద్ద వైద్యశాలలు కొంతకాలముగ రోబోటు శస్త్రచికిత్సనుగూర్చి విస్తారముగ ప్రకటనలు చేయుచున్నవి. హైదరాబాదునగాని విజయవాడనగాని కూడలిలో నిలిచి తల యెత్తినచో ఆ యంత్రముయొక్క చిత్రమే. క్లిష్టవ్యాధులకు దానిని వాడుట వేఱు సంగతి. గజ్జలలో ప్రేగు జారుటయను హెర్నియాకు సైతము ఇదియే మేలైన మార్గమన్నట్లు ప్రచారము సాగుచుండుటచే మేము నోరు విప్పవలసివచ్చినది.

మొదట నొక భ్రమ తొలగవలెను. రోబోటు తనంతట తాను కోయదు, కుట్టదు. వైద్యుడు రోగికి కొన్ని యడుగుల దూరమున కూర్చుండి పిడులు త్రిప్పగా, కడుపులో దూర్చిన సన్నని యంత్రహస్తము లా చేష్టలనే అనుసరించును. అవి మణికట్టువలె వంగును. నైపుణ్యము గొప్పదే, కాదనము. రోగికి ఒరిగినదేమి యనియే మా ప్రశ్న.

ఆ యంత్రము పుట్టిన అమెరికాలోనే జవాబు వెలువడినది. గజ్జ హెర్నియా గల 102 మందిని చీటీలు వేసినట్లు రెండు వర్గములుగ విభజించి, ఒకరికి యంత్రముతోను, మఱియొకరికి మామూలు లాప్రోస్కోపుతోను చికిత్సచేసి, ఫలితములను 2020లో ప్రకటించిరి. నొప్పి తగ్గుటలోగాని కోలుకొనుటలోగాని యంత్రమువలన అధికలాభము కానరాలేదు. కాలము మాత్రము సుమారు 40 నిమిషములకు బదులు 75 పట్టెను. యంత్రము వెలను విడిచి లెక్కించినను ఖర్చు రెట్టింపునకు మించెను. కడుపు గోడ హెర్నియాలపై 124 మందితో జరిగి ఆ యేటనే వెలువడిన పరీక్షయందును ఆసుపత్రిలోనుండు దినములు తగ్గలేదు. అంతకుముందే మిషిగన్ రాష్ట్రమున 73 ఆసుపత్రులలో గజ్జ హెర్నియాకు యంత్రపు వాడుక 2012లో నూటికి ఒకటికి లోపుగనుండి, 2018 నాటికి 29కి చేరువైనది. వాడుక ముందు పరుగెత్తినది. పరీక్ష వెనుక వచ్చి కాదన్నది.

కారణము వెదకనక్కఱలేదు. కోట్లు పోసి కొన్న యంత్రము ఖాళీగనున్నంత మాత్రమున వడ్డీ యాగదు. దాని పరికరములకు ఇన్నిమారులని లెక్క గలదు. ఆ లెక్క తీఱినచో, బాగుగనున్నను, యంత్రము వానిని అంగీకరింపదు. ఈ భారమును మోయుటకు అందఱికంటె సులభముగ దొరకువాడు హెర్నియా రోగి. అట్టివారు లెక్కకు మిక్కిలి; శస్త్రచికిత్సయా, చిన్నది.

మునుపటి కోతలు విడివడి కడుపు గోడయే చీలినవారి సంగతి వేఱు. లోపలి కండరపుపొరను విడదీసి, వెనుక వెడల్పైన వల పఱచి, గోడను తిరిగి కట్టవలెను. పొట్ట నిలువున తెఱచుటకు బదులు యంత్రముతో నీ పని చేసినచో రోగి త్వరగ ఇల్లు చేరుచున్నాడని కొందఱు వైద్యుల లెక్కలు చెప్పుచున్నవి. అట్టివారికి వాడుడు, మే మడ్డురాము.

స్వదేశీ యంత్రమే వచ్చినదిగదా యని కొందఱు మమ్ము దెప్పవచ్చును. నిజమే; 2022లో అనుమతి పొందిన మంత్ర యంత్రము గురుగ్రామమునదే, వెలయు తక్కువ. సంతోషము! కాని వ్యర్థవ్యయము స్వదేశీ యైనంతనే అవసరమగునా? స్వదేశీ బుద్ధి చూడవలెనన్న మహారాష్ట్రమున దొండాయిచా యను చిన్న యూరికి పొండు. అచ్చటి డాక్టరు తోంగావ్‌కర్ దోమతెర గుడ్డను శుద్ధిచేసి హెర్నియా వలగ వాడి, తోటివైద్యులతో కూడి 2003లో ఫలితములు ప్రకటించెను. అట్టి చవుక వలనే ఉగాండాలో 302 మందిపై ఖరీదైన వలతో పోల్చి చూచిరి. ఏడాదికి చవుక వల వర్గమున ఒక్కనికి తిరుగబెట్టెను, రెండవ వర్గమున ఎవ్వరికిని లేదు; భేదము గణింపదగినది కాదని 2016లో తేల్చిరి. దానికి ప్రకటన పలక లేవి?

మిర్చి బస్తాలు మోయు హమాలీ గజ్జకు గుడ్డ బిగించుకొని యేండ్లు గడుపును. ఒకనాడు ప్రేగు బిగిసి నెత్తురాడక, అర్ధరాత్రి ఆసుపత్రికి మోసికొనిపోవుదురు. ఆ చోటు మాత్రము మొద్దుబార్చి చేయదగిన చిన్న శస్త్రచికిత్స, సకాలమున, వాని యూరికి దగ్గఱనున్న సర్కారు ఆసుపత్రిలో జరిగియుండిన ఆ ప్రాణగండమే లేదు. వానికి తక్కువైనది యంత్రము కాదు. మత్తువైద్యుడు, వల, ఖాళీ మంచము.

కావున ప్రభుత్వమును మేము కోరునది స్వల్పము. యంత్రచికిత్సకు సంతకము పుచ్చుకొనకముందు వైద్యశాల రోగి చేతికి తెలుగున నొక కాగిత మీయవలెను: మామూలు కోతకెంత, లాప్రోస్కోపుకెంత, యంత్రమునకెంత; ఈ వైద్యుడు దానితో ఇదివఱకెందఱికి చేసెను; ఈ రోగికి దానివలన ప్రత్యేకముగ కలుగు మేలేమి. చివరి గడి ఖాళీగనున్నచో పైసొమ్ము వసూలు చేయరాదు.