చిన్న దిద్దుబాటు



మా మేనకోడలు లినక్సు కెర్నలునకు తన మొదటి దిద్దుబాటును పంపినది. అది మూడుమారులు తిరిగివచ్చినదట. "అత్తయ్యా! నాలుగు పంక్తులు శుభ్రపరచితిని. దానికింత విచారణయా? ఇక మానుకొందును" అని జాబు వ్రాసినది. ఆమెకు వ్రాసిన సమాధానమునే యీ మాసము మీ ముందుంచుచున్నాను. మీ యిండ్లలోను ఇట్టి చదువు చదువుకొను బాలికలు గలరు గదా.

కంప్యూటరు యంత్రభాగములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నుండి రెంటిని నడుపునది కెర్నలు. లినక్సు కెర్నలును 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లండు విద్యార్థి ఆరంభించెను. మన చేతులలోని ఆండ్రాయిడు ఫోనులయందు నున్నది అదియే. నేడది మూడు కోట్ల పంక్తులకు మించినది. క్రొత్తవారు తరచుగా అందులోని ఖాళీలు సరిచేయుట, అక్కఱలేని పంక్తి తీసివేయుట వంటి పనులతో మొదలిడుదురు. స్త్రీలకై యేర్పడి, పిమ్మట ఔట్‌రీచీ యని పేరొందిన శిక్షణ ప్రణాళికలో కెర్నలు 2013లో చేరెను. అందు ప్రవేశము గోరిన సోదరీమణులనేకులు ఈ గుమ్మమునుండియే లోనికి వచ్చిరి.

ఇక మావాని తప్పేమి? ఒక దిద్దుబాటున ఒకే పని యుండవలెనని నియమము. ఈమె ఖాళీలు సరిచేయుచు, నడుమ సంఖ్యను దాచు నొక అరను, "ఇది సున్నకు తగ్గదు గదా" యని, ఋణసంఖ్యలు పట్టని అరగా మార్చినది. కెర్నలులో పని చెడినప్పుడు తరచుగా ఋణసంఖ్యయే జవాబుగా వచ్చును. "సున్నకు తక్కువయా?" యని యడుగు పంక్తికి ఇక నెన్నడును ఔనని రాదు. పని చెడినను చెడినట్లు తెలియదు. చూపునకు మాత్రము అంతయు శుభ్రమే! పరిశీలకుడు కొంచెము మెత్తగా వ్రాసియుండవచ్చును, ఆ మాట నేనును ఒప్పుదును. కాని అతడు చదివినాడు. చిన్నదే గదా యని విడువలేదు.

విడిచినచో నేమగునో, కెర్నలులో కాకున్నను దాని పొరుగున నొకమారు జరిగినది. 2006లో డెబియనువారు, రహస్యపు తాళపుచెవులు చేయు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను దానినుండి, దోషములు వెదకు పనిముట్టు సణుగుచున్నదని రెండు పంక్తులు తొలగించిరి. చెవి యెవరి యూహకును అందకుండుటకు వలసిన కలగలుపు అక్కడనే యుండెను. 2008 మే నెలలో బయటపడువరకు అట్లు తయారైన చెవులు, ఒక్కొక్క రకమునకు సుమారు 32,000 విధములు మాత్రమే. దొంగకు అన్నిటిని వరుసగా త్రిప్పి చూచుట యెంతసేపు! అల్మారా సర్దుచు పాత పొట్లమును పారవేసి, తొలకరికి బీరవిత్తనములు వెదకుకొన్న యిల్లాలికి ఈ కథ క్రొత్తది కాదు.

మేనకోడలు మరల జాబు వ్రాసినది. ఖాళీల సవరణను వేరుచేసి, ఎందులకు చేసినదో రెండు వాక్యములలో తెలిపి, నాల్గవమారు పంపినదట. అది అంగీకరింపబడినది. అర మార్పు సంగతి తానే మానుకొన్నది. ఇప్పుడు మరియొక బాలిక పంపిన దిద్దుబాటును పరిశీలించుచున్నానని చివర వ్రాసినది.