మౌలిక పరిశోధన అప్పు మీద నడవదు

పరిశోధనకు లక్ష కోట్లు ఇచ్చాం, ఇంకేం కావాలని కేంద్ర ప్రభుత్వాన్ని సమర్థించేవారు అడుగుతున్నారు. 2025 జూలైలో మంత్రివర్గం ఆమోదించిన పరిశోధన, అభివృద్ధి, నవకల్పన నిధి గురించే ఈ మాట. అందులో మౌలిక విజ్ఞానానికి చోటు లేదు. అది ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలిక అప్పు, పెట్టుబడి. అదీ సాంకేతిక సంసిద్ధతను కొలిచే తొమ్మిది మెట్లలో కనీసం నాలుగో మెట్టుకు చేరిన ప్రాజెక్టులకే. ప్రకృతి సూత్రాలను వెతికే పని మొదటి మెట్టు. ఆ మెట్టు మీద డబ్బు పెట్టాల్సింది ప్రభుత్వమే. పెడుతూనే ఉండాలి.

ముందు ఉపయోగం చూపండి, తరువాత నిధులిస్తాం అనేవారు కట్లపాము సంగతికి జవాబు చెప్పాలి. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో లాల్జీ సింగ్ పాముల క్రోమోజోముల మీద పీహెచ్‌డీ చేశారు. ఆడ, మగ తేడా క్రోమోజోముల్లో ఎలా రూపుదిద్దుకుందన్నదే ఆయన ప్రశ్న. తరువాత ఎడిన్‌బరాలో కట్లపాము డీఎన్ఏలో పదేపదే కనిపించే ఒక భాగాన్ని అధ్యయనం చేశారు. 1980ల చివర హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీసీఎంబీలో డీఎన్ఏ వేలిముద్రల పరీక్షకు ఆధారమైంది ఆ భాగమే. పితృత్వ వివాదాల నుంచి రాజీవ్ గాంధీ హత్య కేసు దాకా ఈ పరీక్ష అక్కరకొచ్చింది. బ్రిటన్‌లో అంతకుముందే, 1984లో, ఈ పద్ధతిని కనిపెట్టిన అలెక్ జెఫ్రీస్ కూడా నేరస్థుల కోసం వెతకలేదు. జన్యువుల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాలను పరిశీలిస్తుండగా అది బయటపడింది.

పాము క్రోమోజోముల పని మొదలైన రోజున దాన్ని నాలుగో మెట్టు మీద ఎవరు చూపించగలిగేవారు? ఏ కంపెనీ పెట్టుబడి పెట్టేది? తీసుకున్న అప్పును ఆ పరిశోధకుడు ఏం అమ్మి తీర్చేవాడు?

2023లో చట్టం చేసి తెచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కూ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి. ఐదేళ్లలో 50,000 కోట్లు అన్నారు. అందులో 36,000 కోట్లు పరిశ్రమలు, దాతలు, ఇతర ప్రభుత్వేతర వనరుల నుంచి వస్తాయని లెక్క వేశారు. కట్లపాము మీద పనికి వీరిలో ఎవరు ముందుకొస్తారు?

మన పరిశ్రమలు పరిశోధనపై పెట్టేది తక్కువన్న విమర్శ నిజం. వాటి చేత ఖర్చు పెట్టించాల్సిందే. అయితే పరిశ్రమ తన ఉత్పత్తి కోసం పెడుతుంది, పెట్టాలి కూడా. అది ప్రభుత్వ వాటాకు బదులు కాదు. 2020-21లో దేశం మొత్తం పరిశోధన ఖర్చు జీడీపీలో 0.64 శాతం. ఇంత తక్కువలో ప్రభుత్వం పక్కకు తప్పుకోవడానికి చోటెక్కడుంది?

చదువు విషయంలో వెనకడుగు ఇంకా స్పష్టం. ఇంటర్ నుంచే పిల్లలను మూలశాస్త్రాల వైపు నడిపిన కేవీపీవై ఫెలోషిప్‌ను 2022లో విడిగా లేకుండా చేసి ఇన్‌స్పైర్ అనే మరో కేంద్ర పథకంలో కలిపేశారు. పరిశోధక విద్యార్థులు ఫెలోషిప్ డబ్బు కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఏళ్లకేళ్లు ఖాళీగా ఉంటున్నాయి. లాల్జీ సింగ్ రైతు కుటుంబం నుంచి వచ్చి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదివినవారు. అలాంటి ఇంటి బిడ్డకు ఈ రోజు ఆ దారి మూసుకుపోతుంటే, దాన్ని సంస్కరణ అనడం దగా.

డబ్బు లేదన్న సాకు చెల్లదు. కంపెనీలకు లక్ష కోట్లు సమకూర్చగలిగిన ఖజానా, అందులో పదో వంతును తిరిగి అడగని గ్రాంటుగా మొదటి మెట్టు పరిశోధనకు ఇవ్వగలదు. ఫెలోషిప్‌లు నెలనెలా అందాలి. ఖాళీలు నింపాలి. ఇవి చేయకుండా 2047 నాటికి అభివృద్ధి చెందిన దేశం అవుతామని చెబుతున్న పాలకులు, కొత్త జ్ఞానాన్ని అప్పటికీ పరాయి దేశాల దగ్గర కొనుక్కుంటూనే ఉంటామన్న నిజాన్ని కూడా ప్రజల ముందు ఒప్పుకోవాలి.