యువకుల తొలికథలు - పెద్దల తీర్పు

ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టునకు కూతవేటు దూరముననున్న యొక పఠనమందిరమున నిటీవల నొక వివాదము పుట్టినది. ఒక యువ రచయిత తొలి కథాసంపుటము అచ్చటికి వచ్చి చేరినది. అందలి పాత్రలందరును ఇరువదేండ్లు దాటీదాటనివారు. త్రాగుదురు, అప్పులు చేయుదురు, పరీక్షలకు డుమ్మా కొట్టుదురు, అర్ధరాత్రమున మోటారు సైకిళ్లపై ఒడలు తెలియక పరుగులు దీయుదురు, తండ్రి పంపిన పైకమును జూదమున గోలుపోవుదురు. కార్యవర్గ సభ్యులలో నిరువురు ఆ పుస్తకమును బీరువాలో నుంచి తాళము వేయవలెననిరి. మరియొకరు తిప్పి పంపవలెననిరి. దానిని మొదటినుండి తుదివరకు జదివినవారు మాత్రము ఆ మువ్వురిలో నొక్కరును లేరు.

మేము చదివితిమి. ఆ పుస్తకపు గుణదోషములకంటె ఈ తాళపుచెవి ప్రశ్నయే గురుతరమని తోచుటచే నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పెద్దల భయమును మేము పరిహసింపము. అది నిష్కారణమైనది కాదు. మార్చి, ఏప్రిల్ మాసములలో ఎనుమాముల యార్డునకు బోయి చూచినవారికి దాని మూలము తెలియును. చపాటా మిర్చియో తేజ మిర్చియో బస్తాలకెత్తి తెచ్చిన రైతు, రాత్రియెల్ల ఆ బస్తాలపైననే తల వాల్చి కావలి కాయును. ఉదయమున అడ్తిదారు, ఖరీదుదారు, దడ్వాయి, హమాలీ - ఇందరి చేతులు దాటినగాని వాని చేతికి రూపాయి రాదు. తరుగు పోగా, కమీషను పోగా, తెచ్చిన అప్పుపై వడ్డీ పోగా మిగిలినదానిలో ఒక భాగము పట్టణమందలి కుమారుని హాస్టలు ఫీజునకు బోవును. ఆ కుమారుడు ఆ సొమ్మును ఒక్క రాత్రిలో తగులబెట్టినట్లు కథలో జదివినపుడు ఏ తండ్రికి కడుపు మండదు? "ఇట్టి కథలు జదివి మా పిల్లలు చెడిపోరా?" యని యడుగుట సహజమే.

కాని మా ప్రత్యుత్తరమిది: ఆ తండ్రికి తన కొడుకు ఆ రాత్రి యెట్లు గడిపెనో తెలియదు. తెలిపెడివారెవ్వరు?

మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము. న్యాయస్థానము చేసిన పనిని విచారించును. ఆ పనికి ముందటి రాత్రిని విచారించుటకు దానికి తీరిక యుండదు. నేరారోపణ పత్రమున తేది యుండును, స్థలముండును, సాక్షుల పట్టికయుండును. ఇరువదిరెండేండ్లవాడు బోనులో నిలిచి మాటలాడకున్నచో అది వాని హక్కు. ఏ నిందితుని గాని తనకు విరోధముగా సాక్ష్యమిమ్మని నిర్బంధింపరాదని మన రాజ్యాంగము 20వ అధికరణమున శాసించినది. ఆ హక్కు ఉత్తమమైనది. అయినను ఆ మౌనమువలన మనము కోల్పోవునది యొకటి కలదు. అది వాని మనస్సు. ఎవ్వరి నిర్బంధమును లేక యువకుడు తనపై తానే సాక్ష్యము చెప్పుకొనుచోటు ఒక్కటే యున్నది. అది కథ.

చట్టము సయితము ఈ విషయమున కొంత మెత్తబడినది. 2015 నాటి బాలల న్యాయచట్టము పదునెనిమిదేండ్లు నిండనివానిని నేరస్థుడని పిలువదు. చట్టముతో సంఘర్షణలో నున్న బాలుడని పిలుచును. పదునెనిమిది నిండిన మరునాడు ఆ దయకు హద్దు వచ్చును. హాస్టలు గదుల వయస్సు సరిగా అచ్చటనే యారంభమగును. ఆ యేడెనిమిదేండ్ల ప్రాయమును సాహిత్యమైనను పట్టించుకొనవలదా?

ఈ వివాదము మన జిల్లాకు క్రొత్తది కాదు. వరంగల్లు ప్రాంతపు వావిలాలలో 1941లో జన్మించిన నవీన్ తొలి నవల 'అంపశయ్య' 1969లో వెలువడినది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు హాస్టలులోని రవి యను పేదరైతు బిడ్డ నిదుర లేచినది మొదలు రాత్రివరకు, పదునారు గంటలలో వాని తలలో మెదలిన ప్రతి తలపును - ఆకలిని, అప్పును, కామమును, అసూయను, పిరికితనమును - ఆ గ్రంథము దాచక చెప్పినది. అశ్లీలమని కొంద రాక్షేపించిరి. కాలమేమి తీర్పు చెప్పెను? ఆ పుస్తకపు పేరే రచయితకు ఇంటిపేరైనది. అదే రచయితకు 2004లో 'కాలరేఖలు' నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

ఆ పేరునందే మా వాదమంతయు నిమిడియున్నది. కురుక్షేత్రమున భీష్ముడు అంపశయ్యపై నొరగినపుడు ధర్మరాజాదులు చేతులు జోడించి చుట్టును గూర్చుండిరి. ఆయన పలికిన ప్రతి మాటను ధర్మముగా స్వీకరించిరి. ఇరువదేండ్లవాడు అదే శయ్యపై నొరగినపుడు వినుట కెవరు వచ్చిరి? ముదుసలి వేదన శాంతిపర్వమైనది. పడుచువాని వేదన బీరువాలో బెట్టదగినదైనదా?

తొలిపుస్తకమనిన పిల్లచేష్ట యనుకొనుటయు తగదు. సాహిత్య అకాడమీ ముప్పదియైదేండ్లలోపు రచయితల కిచ్చు యువ పురస్కారమును మన భాషలో కథాసంపుటములు పలుమారు గెలిచినవి. 2012లో వేంపల్లి షరీఫ్ 'జుమ్మా', 2015లో మన వరంగల్లువాడైన పసునూరి రవీందర్ 'అవుటాఫ్ కవరేజ్ ఏరియా', 2020లో మానస ఎండ్లూరి 'మిళింద', 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' అట్టివి. ఇవి దారి తప్పిన యువకుల కథలని మా భావము కాదు. ముస్లిము ఇండ్లనుండి, దళితవాడలనుండి, బంజారా తండాలనుండి పడుచువారు తమ గొంతుతో పలికినపుడు మనము మునుపు విననివి వింటిమని మాత్రమే చెప్పుచున్నాము.

ఇక యువ రచయితలకును ఒక మాట. తప్పును దాచకుండుట వేరు, తప్పునకు హారతి పట్టుట వేరు. మేము జదివిన సంపుటమున నొక కథలో నాయకుడు త్రాగి బండి నడిపి యొక బాటసారిని గూల్చి పోవును. కథ వానివెంటనే పరుగెత్తినది. క్రింద బడినవాడు బ్రతికెనో చచ్చెనో చెప్పలేదు. ఇది శిల్పలోపము మాత్రమే కాదు, న్యాయలోపము. మరియొక కథలో మోసపోయిన యువతి రెండు వాక్యములలో మాయమైనది. దుడుకుతనమునకు మూల్యము చెల్లించువాడు తరచుగా దుడుకువాడు కాడు. వాని తల్లి, వాని చెలి, వాని దారికడ్డువచ్చిన యనామకుడు. వారి పద్దు వ్రాయని కథ సగము లెక్కయే. అదే సంపుటమున తండ్రికి ఫోను చేసి, తప్పు నొప్పుకొనబోయి, వానల సంగతి యడిగి పెట్టివేసిన పిల్లవాని కథ యున్నది. ఆ యొక్క కథకై మిగిలినవానిని క్షమింపవచ్చును.

2009 పిదప తెలంగాణోద్యమమున కాకతీయ విశ్వవిద్యాలయపు విద్యార్థులు ముందు నడువగా మేమును కార్యకర్తలమై వెంట నడిచితిమి. ప్రాణములు తీసికొన్న యువకుల పటములకు పూలదండలు వేసితిమి. వారు వ్రాసిపెట్టిన యుత్తరములను సభలలో జదివి కన్నీరు కార్చితిమి. బ్రతికియుండగా ఆ బిడ్డల మాట కూర్చుండి వినినవారెందరని నేడు మమ్ము మేమే ప్రశ్నించుకొనుచున్నాము. ఉద్యమము ముగిసినను ఆ ప్రశ్న ముగియలేదు. జాతీయ నేర గణాంకముల ప్రకారము 2022లో దేశమున ఆత్మహత్య చేసికొన్న విద్యార్థులు 13,000కు పైగా నున్నారు. వీరిలో నొక్కరైనను కథలు జదివి చనిపోయిరని ఆ లెక్క చెప్పదు. చెప్పుకొను దిక్కులేక పోయినవా రెందరో దానికి తెలియదు.

హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు, తెలుగు చదువునకే యాదరణ కరవైన నిజాము కాలమున, అందరికి నందునట్లు పుస్తకములు తెరచి పెట్టిరి. వారి మనుమలమైన మనము తాళములు వేయుట శోభించునా?

కావున కార్యవర్గమువారికి మా మనవి యిది. ఆ సంపుటమును అందరికి నందు అరలో నుంచుడు. ఒక ఆదివారము సాయంకాలము తండ్రులను, కొడుకులను ఒకచోట గూర్చుండబెట్టి, ఫోను కథను బిగ్గరగా జదివింపుడు. పిదప పావుగంటసేపు పెద్దలెవరును మాటలాడవలదు. పిల్లలు చెప్పునది విని, ఆ తరువాత నింకను తాళము వేయవలెనని తోచినచో, తాళపుచెవిని మేమే తెచ్చి యిచ్చెదము.